ట్రైలర్ మీద నుంచి బోటు దించేటప్పుడు బండి నీళ్లలోకి జారకుండా ఏం చేయాలి? (విజయవాడ)

సింగ్‌నగర్ వాసి

అందరికీ నమస్కారం. మాది అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా మీద పడినప్పుడు మా వీధిలో కింది అంతస్తులన్నీ మునిగిపోయాయి. ఫ్లైఓవర్ దాకా బోట్లు వచ్చాయి, కానీ మా సందు లోపలికి రావడానికి చాలా ఆలస్యమైంది. మా ఎదురింటి మామ్మగారికి ఇన్సులిన్ అయిపోయి, మేడ మీద నుంచి అందరం కేకలు వేశాం. ఆ టెన్షన్ ఇప్పటికీ మా మనసుల్లోంచి పోలేదు. అందుకే వీధి వాళ్లమంతా చందాలు వేసుకుని ఒక పాత అల్యూమినియం బోటు కొన్నాం. 14 అడుగులు. 15 హెచ్‌పీ ఇంజన్. ఆటోనగర్‌లో ట్రైలర్ కట్టించాం. లాగడానికి మా పక్కింటి అన్నయ్య బొలెరో ఉంది.

నదిలో ప్రాక్టీసు మొదలుపెట్టే ముందు, మిగతావాళ్లు ఎలా దించుతున్నారో చూద్దామని మొన్న ఆదివారం పొద్దున కృష్ణలో ప్రకాశం బ్యారేజికి ఎగువన ఒక పాత కాంక్రీటు ర్యాంపు దగ్గరికి వెళ్లాం. ఎవరో ఫైబర్ బోటు దించుతున్నారు. డ్రైవరు హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగాడు, గేరులో కూడా పెట్టాడు, ఇంజన్ ఆపి కిందకి దిగాడు. అతను బోటు ముందు బెల్టు తీస్తుండగా బండి చప్పుడు లేకుండా వెనక్కి జారడం మొదలైంది. టైర్లు తిరగడం లేదు. తిరగకుండానే జారిపోతోంది. వెనక సీట్లో ఒక పిల్లవాడు ఉన్నాడు. ఎవరో తలుపు తీసి వాడిని లాగేశారు. బండి వెనక సీటు దాకా మునిగింది, తర్వాత ట్రాక్టరుతో లాగారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

అది చూశాక మా అన్నయ్య ట్రైలర్ తగిలించడానికే భయపడుతున్నాడు. హ్యాండ్‌బ్రేకు, గేరు రెండూ ఉన్నా బండి ఎందుకు జారింది? బెల్టు ఎప్పుడు తీయాలి? ఎవరు ఎక్కడ నిలబడాలి? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. ఇది సరదాకి కొన్న బోటు కాదండి.

సీతానగరం రేవు

తమ్ముడూ, టైర్లు తిరగకుండానే జారింది అని రాశావు చూడు, నీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

మన దగ్గర తిరిగే బండ్లలో హ్యాండ్‌బ్రేకు దాదాపు అన్నిటికీ వెనక చక్రాలనే పడుతుంది. బొలెరో లాంటి బండికి ఇంజన్ బలం వెళ్లేది కూడా వెనక చక్రాలకే, అంటే గేరులో పెట్టినా ఆగేది అవే. ర్యాంపు మీద వెనక్కి దిగినప్పుడు ఆ వెనక చక్రాలు ఎక్కడుంటాయి? సరిగ్గా నీళ్ల అంచున, పాచి పట్టిన చోట. డ్రైవరు సీట్లో కూర్చుని కాలి బ్రేకు తొక్కినంతసేపూ నాలుగు చక్రాలూ పట్టుకుంటాయి. ముందు రెండూ పొడి కాంక్రీటు మీద ఉంటాయి కాబట్టి బండి నిలుస్తుంది. అతను కాలు తీసి దిగిన క్షణం నుంచి బండి, ట్రైలర్, బోటు మొత్తం బరువు పాచి మీదున్న రెండు టైర్ల మీద ఆధారపడుతుంది. చక్రం లాక్ అయ్యే ఉంటుంది, దాని కింద నేల మాత్రం పట్టు ఇవ్వదు. నువ్వు చూసింది అదే.

కాబట్టి మీ అన్నయ్యకి చెప్పాల్సిన మొదటి మాట: ర్యాంపు మీద డ్రైవరు బండి దిగకూడదు. పని చేసేది వేరే మనిషి. డ్రైవరు కాలు బ్రేకు మీద, హ్యాండ్‌బ్రేకు కూడా లాగి, కూర్చునే ఉండాలి. ఫోన్ జేబులో ఉండాలి. సీటు బెల్టు తీసేయాలి, అద్దాలు పూర్తిగా దించాలి, తలుపులకి లాక్ వేయకూడదు. బండిలో ఇంకెవరూ ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలు. నీళ్లలోకి వెళ్లిన బండికి బయట నీళ్ల ఒత్తిడి వల్ల తలుపు తెరుచుకోదు, కరెంటు అద్దాలు ఎంతసేపు పనిచేస్తాయో నమ్మకం ఉండదు. ఆ పిల్లవాడిని లాగినవాళ్లకి దణ్ణం పెట్టాలి.

రెండో మాట, అడ్డచెక్కలు. మంచి బరువైన చెక్కలు రెండు, త్రికోణంగా కోయించి, ఒక్కోదానికి బారెడు తాడు కట్టించుకోండి. బండి ఆగగానే ఒకరు ముందు చక్రాల వెనక పెట్టాలి. ముందు చక్రాలకే ఎందుకంటే అవి పొడిలో ఉంటాయి. వెనక చక్రాల కింద పెడితే టైరుతో పాటు చెక్క కూడా పాచి మీద జారుతుంది. గులకరాళ్లు, ఇటుక ముక్కలు వద్దు. ఇటుక బరువుకి నలిగిపోతుంది.

ఇక ర్యాంపు సంగతి. విజయవాడలో మనకి ఘాట్లకి కొదవ లేదు. 2016 పుష్కరాలకి కట్టినవి, బాగు చేసినవి బోలెడు. కానీ అవి స్నానాలకి కట్టిన మెట్లు. ట్రైలర్ దింపడానికి మెట్లు పనికిరావు, ఒక్క మెట్టు అంచున చక్రం పడినా ఆగ్జిల్ (ఇరుసు) వంగుతుంది. దుర్గా ఘాట్ వైపు అసలు వెళ్లొద్దు, అక్కడ భక్తులు మునుగుతుంటారు, పైగా బ్యారేజి పక్కనే. మీరు ఏ వాలు ఎంచుకున్నా జలవనరుల శాఖ వాళ్లని అడిగి అనుమతి తీసుకోండి. 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం ఇంజన్ ఉన్న పడవకి సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితాల పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. వరద వచ్చాక ఎవరినీ బతిమాలే టైమ్ ఉండదు.

వాలు ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేం. ఒక మీటరు పొడవు చెక్క, తాపీమేస్త్రీ దగ్గరుండే లెవెలు తీసుకుని చూడండి. మీటరుకి 12 నుంచి 15 సెంటీమీటర్ల పల్లం ఉంటే మంచి ర్యాంపు. అంతకంటే చదునుగా ఉంటే బోటు తేలేసరికి బండి కూడా నీళ్లలో ఉంటుంది. అంతకంటే నిటారుగా ఉంటే పైకి లాగేటప్పుడు టైర్లు తిరిగిన చోటే తిరుగుతాయి. తర్వాత పొడుగాటి వెదురు గడ తీసుకుని నీళ్లలో కాంక్రీటు ఎక్కడ ఆగిపోతోందో పొడిచి చూడండి. ఇది చాలామంది చూడరు. బోటును ట్రైలర్ మీదకి ఇంజన్ జోరుతో ఎక్కించేవాళ్లు ఉంటారు, వాళ్ల ఇంజన్ ఫ్యాను తన్నిన నీళ్లు కాంక్రీటు చివర అడుగున మట్టిని తవ్వేస్తాయి. అక్కడ గొయ్యి పడుతుంది. ట్రైలర్ చక్రాలు ఆ అంచు దాటి దిగాయంటే ఆగ్జిల్ కాంక్రీటు గోడకి తగులుకుని మళ్లీ పైకి రాదు. ఆ అంచు ఎంత దూరంలో ఉందో చూసుకుని గట్టు మీద రంగుతో గీత గీయండి. బండి వెనక చక్రం ఆ గీత దాటకూడదు.

ఇసుక ర్యాంపుల దగ్గర దింపుదామని అనుకుంటే ఇంకా జాగ్రత్త. లారీలు దిగిన దారి గట్టిగానే కనిపిస్తుంది, కానీ ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీళ్ల పక్కనే రెండు నిలువుల గొయ్యి ఉంటుంది. ఏటా మన పిల్లలు ఈతకి దిగి పోయేది ఆ గోతుల్లోనే. గడ వేసి చూడకుండా మనిషి గానీ బండి గానీ దిగకూడదు.

ఇప్పుడు బెల్టు. నువ్వు అడిగిన వాటిలో దీని గురించే నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కారు జారిన ప్రమాదాలు అందరూ వీడియోలు తీస్తారు, బెల్టు ముందే తీసిన ప్రమాదాలు చడీచప్పుడు లేకుండా కాళ్లు విరగ్గొడతాయి. ట్రైలర్ ముందున్న వించ్ (హ్యాండిల్ తిప్పి బెల్టు చుట్టే చక్రం) నుంచి బోటు ముక్కుకి ఒక బెల్టు ఉంటుంది. దానికి తోడు చిన్న గొలుసు ఉండాలి, లేకపోతే ఆటోనగర్‌లోనే వేయించుకోండి. వెనక ఇంజన్ దగ్గర బోటును ట్రైలర్‌కి కట్టే బెల్టులు ఇంకో రెండు. వెనక బెల్టులు పైన, చదును నేల మీదే తీసేయాలి. అవి మర్చిపోతే బోటు తేలకుండా ట్రైలర్‌తో పాటు మునుగుతుంది, వెనక నుంచి నీళ్లు లోపలికి వస్తాయి. ముందు బెల్టూ, గొలుసూ మాత్రం బోటు వెనక భాగం నీళ్లలో తేలడం కళ్లారా చూసేదాకా తీయకూడదు. రబ్బరు రోలర్లున్న ట్రైలర్ అయితే వాలు మీద బెల్టు తీసిన మరుక్షణం బోటు దానంతట అదే కాంక్రీటు మీదకి దొర్లుతుంది. వెనక నిలబడ్డ మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు. మీ ఇంజన్ ఒక్కటే 40 కిలోల పైమాట, అదంతా వెనక వైపే ఉంటుందని గుర్తుపెట్టుకో.

బెల్టు తీసే ముందే ముక్కు తాడు ఒక మనిషి చేతిలో ఉండాలి. 14 అడుగుల పడవకి 30 అడుగుల తాడు తీసుకోండి. చేతికి చుట్టుకోవద్దు, మడతలు వేసి పట్టుకోవాలి. ఆ మనిషి నీళ్లకి ఎగువ వైపు నిలబడాలి. పడవ తేలగానే ప్రవాహం దాన్ని దిగువకి తోస్తుంది. ఎగువన ఉన్నవాడి తాడుకి పడవ ముక్కు ఎగువకి తిప్పుకుని బుద్ధిగా వేలాడుతుంది. దిగువన నిలబడితే పడవ వచ్చి వాడి మీదే పడుతుంది. మా రేవులో చిన్నపిల్లలకి కూడా ఇదే ముందు నేర్పుతారు.

ఇవన్నీ ర్యాంపు మీద గుర్తు తెచ్చుకునే పనులు కావు. పైన చదునులో బండి ఆపి, బోటులో నీళ్లు పోయే రంధ్రానికి బిరడా బిగించారా, పెట్రోలు ట్యాంకు మూతకున్న గాలి స్క్రూ వదులు చేశారా, ఇంజన్ పైకి ఎత్తి లాక్ చేశారా, లైఫ్ జాకెట్లు వేసుకున్నారా, తాడు కట్టారా, అన్నీ అక్కడే చూసుకోవాలి. వాలు మీద ఉండే సమయం ఎంత తక్కువైతే అంత మంచిది. బిరడాని ఇంజన్ కిల్ స్విచ్ (ఇంజన్‌ని వెంటనే ఆపే మీట) తాడుకి కట్టేసి ఉంచండి. అది విప్పితే తప్ప ఇంజన్ స్టార్ట్ కాదు కాబట్టి బిరడా సంగతి ఎవరూ మర్చిపోరు. ఆ గాలి స్క్రూ బిగించే ఉంటే ఇంజన్ ముందు బాగానే స్టార్ట్ అయి, గట్టు వదిలిన కాసేపటికి పెట్రోలు అందక ఆగిపోతుంది, అప్పటికి పడవ ప్రవాహంలో ఉంటుంది.

ఆటోనగర్ ఆగ్జిల్

పై అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ట్రైలర్ వైపు నుంచి రెండు మాటలు చెప్తాను. గుంటూరు, విజయవాడల్లో బోటు ట్రైలర్లు కట్టేవాళ్లు ఎక్కువగా పాత చిన్న ట్రక్కుల హబ్బులు (చక్రం బిగించే మధ్య భాగాలు), ఆగ్జిల్ వాడతారు. అవి రోడ్డుకి బాగానే పనిచేస్తాయి. కానీ వాటి సీళ్లు నీళ్లలో మునగడానికి చేసినవి కావు.

సింగ్‌నగర్ నుంచి లాక్కుంటూ వచ్చేసరికి హబ్ వేడెక్కి ఉంటుంది. వేడి హబ్‌ని ఒక్కసారిగా చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. గ్రీజు తెల్లగా మజ్జిగలా అయిపోతుంది, బేరింగులు తుప్పు పడతాయి, ఆ తర్వాత ఎప్పుడో రోడ్డు మీద చక్రం ఊడిపోతుంది. కాబట్టి రేవుకి చేరాక హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగండి, ఎలాగూ పైన చేసుకోవాల్సిన పనులు ఉన్నాయి కదా. నీళ్లలో మునిగిన ప్రతిసారీ ఇంటికి వచ్చాక గ్రీజు గన్‌తో కొత్త గ్రీజు ఎక్కించండి, పాతది బయటికి వచ్చేదాకా. లైట్ల ప్లగ్గు దించే ముందు పీకేయండి. వెలిగే బల్బు నీళ్లలో పగులుతుంది, ఫ్యూజు కూడా పోతుంది.

ఇంకొకటి, ముందు బరువు. బోటు, ట్రైలర్ కలిపి 400 కిలోలు ఉంటే హుక్కు మీద 30 నుంచి 40 కిలోల బరువు పడాలి. ఇంట్లో బరువు చూసే మిషన్ మీద ట్రైలర్ ముక్కు ఆనిస్తే తెలిసిపోతుంది. అంతకంటే తక్కువుంటే రోడ్డు మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది, ర్యాంపు మీద వెనక బరువుకి ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు బండి వెనక ట్రైలర్ తగిలించే బాల్ మీద లాక్ సరిగా పడకపోతే ట్రైలర్ బండిని వదిలేసి పోతుంది. లాక్ వేశాక ముక్కు పట్టుకుని పైకి ఎత్తి చూడండి, బండి వెనక భాగం కూడా లేవాలి. ట్రైలర్‌ని బండికి కట్టే గొలుసులు రెండూ ఒకదాని మీద ఒకటి దాటించి తగిలించండి. మీ ట్రైలర్ కట్టినవాళ్లు కొలత ఎలా పెట్టారో ఒకసారి కొలిచి ఇక్కడ రాయండి, తేడా ఉంటే ఆగ్జిల్ ఎటు జరపాలో చెప్తాను. దానికి డబ్బులేమీ పెద్దగా కావు.

సింగ్‌నగర్ వాసి

బాబాయ్ గారూ, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. మీరు రాసినదంతా మా వీధి గ్రూపులో చదివి వినిపించాను. మా ట్రైలర్‌కి గొలుసు లేదు, రేపే వేయిస్తాం. హుక్కు మీద బరువు కొలిచాం, 18 కిలోలే వస్తోంది.

ఇంకో రెండు సందేహాలు. మా అన్నయ్యకి ట్రైలర్‌తో రివర్స్ అసలు రావడం లేదు, ఎటు తిప్పినా మడత పడిపోతోంది. రెండోది, అసలు సంగతి. వరద వస్తే మేము దించేది నదిలో కాదు కదా, వీధిలో. అప్పుడు కూడా ఇవే పద్ధతులా?

భవానీపురం డ్రైవరమ్మ

తమ్ముడూ, రివర్స్ గురించి నేను చెప్తాను. మా ఇంట్లో ట్రైలర్ లాగేది నేనే.

స్టీరింగ్ పైన పట్టుకుంటే ఎటు తిప్పాలో బుర్ర తిరిగిపోతుంది. చెయ్యి స్టీరింగ్ అడుగు భాగంలో పెట్టమను. ట్రైలర్ వెనక భాగం ఎటు వెళ్లాలో చెయ్యి అటు జరిపితే చాలు. కొంచెం కొంచెంగా, నడక కంటే మెల్లగా. మడత పడుతోందని అనిపించగానే ఇంకా తిప్పి సరిచేద్దామని చూడకుండా ముందుకి లాగి మళ్లీ మొదలుపెట్టాలి. మన బండ్లకి స్టీరింగ్ కుడి వైపు కాబట్టి ట్రైలర్ కుడికి తిరిగేలా ర్యాంపు దగ్గరికి రావాలి, అప్పుడు కిటికీలోంచి తల పెట్టి చక్రం ఎక్కడుందో చూడొచ్చు. ఎడమకి తిరిగితే ఏమీ కనపడదు. ఖాళీ మైదానంలో రెండు నీళ్ల క్యాన్లు పెట్టుకుని వాటి మధ్యలోకి తేవడం ప్రాక్టీసు చేయించు. బోటు లేకుండా ఉత్త ట్రైలర్‌తో ఇంకా కష్టం, వెనక అద్దంలో కనపడదు. బోటు పెట్టే నేర్చుకోమను.

ఇంకో విషయం చెప్పాలి, ఇది నాకు చాలా ముఖ్యం. ర్యాంపు దగ్గర జనం పోగవుతారు. కార్తీక మాసంలో అయితే దీపాలు వదిలేవాళ్లు, బట్టలు ఉతుక్కునేవాళ్లు, సెల్ఫీలు తీసుకునేవాళ్లు. అందరూ సాయం చేద్దామనే వస్తారు, అందరూ ఒకేసారి రా రా అని అరుస్తారు. డ్రైవరు ఒక్కరి మాటే వినాలి. ఆ మనిషి ఎవరో ముందే అనుకోవాలి, ఆ మనిషి డ్రైవరుకి కిటికీలోంచి కనపడేచోటే నిలబడాలి. కనపడకపోతే బండి ఆపేయాలి. ఆపు అన్న మాట మాత్రం ఎవరైనా అనొచ్చు, ఎవరన్నా ఆపాలి. ట్రైలర్ వెనక ఒక్క మనిషి కూడా ఉండకూడదు. పిల్లల్ని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒకరిని పెట్టండి, వాళ్లకి ఇంకే పనీ చెప్పొద్దు. మేము ఈ పని మా అత్తగారికి ఇస్తాం, ఆవిడ మాట దాటి ఏ పిల్లవాడూ గట్టు దిగడు.

2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. ఎక్కినవాళ్లు ఎక్కువ, జాకెట్లు లేవు. మీ బోటుకి ఎంతమందో లెక్క బోటు మీదే పెద్ద అక్షరాలతో రాయించండి. వరద రోజున నలుగురు ఎక్కాల్సిన చోట పది మంది చేతులు చాస్తారు. వాళ్లకి వద్దని చెప్పడానికి ఆ రాత మీకు పనికొస్తుంది.

సీతానగరం రేవు

అమ్మా, చక్కగా చెప్పావు. తమ్ముడూ, ఆ 18 కిలోలకి ఆగ్జిల్ వెనక్కి జరిపించండి. అప్పుడు బరువు ముందుకి వస్తుంది. మన ఆటోనగర్ తమ్ముడు కొలత చెప్తాడు.

వీధిలో దించడం గురించి. 2024లో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ వాలే రేవైంది, నువ్వు కళ్లారా చూశావు. కట్టుబడి చూస్తే అది మంచి ర్యాంపే. తారు రోడ్డు, పాచి ఉండదు. కానీ అక్కడ నది రేవులో లేని బాధలు కొన్ని ఉంటాయి. వెనక్కి దిగుతున్న బండికి ఎదురుగా నీళ్లలోంచి జనం నడిచి వస్తుంటారు, పాల ప్యాకెట్ల కోసం నిలబడ్డవాళ్లు ఉంటారు. అక్కడ ట్రైలర్ నీళ్లలో ముంచే పనే పెట్టుకోవద్దు. నీళ్ల అంచుకి పది అడుగుల ముందే ఆపి, ఇంజన్ విప్పి, నలుగురు మోసి దించండి. ఖాళీ అల్యూమినియం బోటు నలుగురైదుగురు ఎత్తగలరు. ఇంజన్ తర్వాత తగిలించుకోవచ్చు. అందుకే ఇంజన్ విప్పడం, బిగించడం చీకట్లో కూడా చేతికి వచ్చేలా ఇద్దరికి నేర్పి ఉంచండి. మోసే దూరం ఎక్కువుంటే సరుగుడు బాదులు నాలుగు కింద వేసి దొర్లించండి, వెనక నుంచి వచ్చిన బాదు తీసి ముందు వేస్తూ పోవాలి. మా పెద్దవాళ్లు పెద్ద పడవలే అలా గట్టెక్కించేవాళ్లు.

వీధి నీళ్లు చూడటానికి కదలనట్టే ఉంటాయి. సందు మూలల దగ్గర, ప్రహరీ గోడల మధ్య మాత్రం లాగుతాయి. కింద ఏముందో తెలియదు. మునిగిన బైకులు, ఇనుప గేట్ల కొసలు, డివైడర్లు, మూత లేని మ్యాన్‌హోళ్లు. ఇంజన్ సందుల్లో వాడకండి, పెద్ద రోడ్డు మీద దాకా చాలు. సందులోకి తిరగగానే ఇంజన్ పైకి ఎత్తి గడతోనే వెళ్లాలి. ఫ్యాను తిరుగుతుండగా నీళ్లలో నిలబడ్డ మనిషి పడవ అంచు పట్టుకుంటే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. ఎవరినైనా ఎక్కించుకునేటప్పుడు కిల్ స్విచ్ పీకేయాలి, న్యూట్రల్ చాలదు. పక్క నుంచి కాకుండా ఒక్కొక్కరినీ మెట్ల మీద నుంచో, గోడ మీద నుంచో ఎక్కించండి. ఇద్దరు ఒకే పక్కన బరువు వేస్తే 14 అడుగుల బోటు అటు వంగిపోతుంది. పైన కరెంటు తీగలు చూసుకోండి, నీళ్లు పెరిగేకొద్దీ మీ తలలు వాటికి దగ్గరవుతాయి, అల్యూమినియం బోటు, తడి గడ. సరఫరా ఆపారని విద్యుత్ శాఖ నుంచి తెలిసేదాకా తీగల కిందుగా వెళ్లొద్దు.

నది ప్రాక్టీసు ఎప్పుడు అంటావేమో. బ్యారేజి గేట్లన్నీ మూసి ఉన్న రోజుల్లోనే. 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండో హెచ్చరిక ఇస్తారు, కానీ మీ బోటుకి ప్రమాదం రావడానికి అంత నీళ్లు అక్కర్లేదు, కొన్ని గేట్లు ఎత్తినా ఎగువన లాగుడు మొదలవుతుంది. ఇంజన్ ఆగిపోతే పడవ వెళ్లేది ఆ గేట్ల వైపే. కాబట్టి ప్రాక్టీసులో కూడా బోటులో లంగరు, దానికి సరిపడా తాడు, రెండు తెడ్లు ఉండాలి. ఇంజన్ ఆగితే ముందు లంగరు వేయాలి, ఇంజన్ తర్వాత చూసుకోవచ్చు. గుర్రపు డెక్క ఎక్కువున్న చోట ఇంజన్ నీళ్లు పీల్చే రంధ్రం మూసుకుపోతుంది. వెనక సన్నని ధారగా నీళ్లు వస్తున్నాయో లేదో చూస్తూ ఉండండి, ధార ఆగితే ఇంజన్ ఆపి గుర్రపు డెక్క పీకేయండి.

కట్టడం గురించి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. ఆ వరదలో ఎగువ నుంచి బరువైన ఇనుప పడవలు కొట్టుకొచ్చి 67, 69, 70 గేట్ల దగ్గర తగిలి, వాటి కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. వాటిని తీయడం క్రేన్లతో వీలు కాక, నీళ్లలో మునిగి ఇనుము కోయాల్సి వచ్చింది. కొట్టుకొచ్చిన ఒక్క పడవ కింద ఊళ్లన్నిటికీ ప్రమాదం. మీది చిన్న బోటే, అయినా ప్రాక్టీసు మధ్యలో టీ తాగడానికి గట్టెక్కినా ముక్కు తాడు ఒకటి, వెనక తాడు ఒకటి, రెండు వేరే వేరే గూటాలకి కట్టండి. రాత్రి నీళ్లలో వదలొద్దు. ఆ రోజుకి ఆ రోజు ట్రైలర్ మీదకి ఎక్కించేయండి.

ఎక్కించేటప్పుడు ఒక్క మాట. ట్రైలర్‌ని మరీ లోతుగా ముంచితే బోటు దాని మీద నిలబడకుండా పక్కకి తేలిపోతుంది. చక్రాల పై అంచు కనపడేంత ముంచితే చాలు. దిగువ నుంచి, ముక్కు ప్రవాహానికి ఎదురుగా పెట్టి మెల్లగా రండి. ఇంజన్ జోరుతో ఎక్కించొద్దు, వించ్‌తో లాగండి. వించ్ హ్యాండిల్ పళ్లచక్రంలో పడిందని చప్పుడు వినిపించేదాకా వదలొద్దు, వదిలితే మణికట్టు విరిచేస్తుంది. లాగుతున్న బెల్టుకి సూటిగా ఎవరూ నిలబడొద్దు. బోటులో నీళ్లు చేరి ఉంటే వాటితోనే పైకి లాగొద్దు. రెండు వందల లీటర్లంటే రెండు వందల కిలోలు. సగం పైకి తెచ్చి ఆపి, బిరడా తీసి నీళ్లు పోనిచ్చి తర్వాత లాగండి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి గాలి ఉండదు, మా వైపు రండి. మొదటి రోజు ఇంజన్ తేవొద్దు. బోటు, తాడు, అడ్డచెక్కలు, మీ వీధి నుంచి ఎవరెవరు ఏ పని చేస్తారో వాళ్లందరూ. మీ అన్నయ్యని సీట్లో కూర్చోబెట్టి, బెల్టు దగ్గర నేను నిలబడతాను.

సింగ్‌నగర్ వాసి

తప్పకుండా వస్తాం బాబాయ్ గారూ. ఆరుగురం. గొలుసు వేయించి, ఆగ్జిల్ జరిపించి తెస్తాం.